తూకానికి తగ్గిన బిడ్డ మీ ఇంట్లో వుందా? ఆ 42 రోజులూ జాగ్రత్త!

మన జిల్లా రైతుకు తూకం సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. బుడ్డల మూట భుజానికెత్తుకోగానే ఎన్ని కిలోలు తగ్గుతుందో చెప్పేవాళ్లున్నారు. సంతలో పొట్టేలు నడుము మీద చెయ్యేసి, కోస్తే ఎంత మాంసం పడుతుందో లెక్కకట్టేవాళ్లున్నారు. అదే ఇంట్లో ‘మీ మనవరాలు పుట్టినప్పుడు ఎంత తూగింది?’ అని అడగండి. ‘కొంచెం సన్నంగా పుట్టింది, మా వంశమే అంత’ అనే జవాబొస్తుంది. కిలోలు, గ్రాములు కావాలంటే ఆడవాళ్లను పిలిచి కార్డు తెమ్మనాల్సిందే.

విత్తనం, ఎరువు, జీవాల రోగాలు వచ్చే ఈ పేజీలో ఈ వారం పసిబిడ్డ తూకం గురించి రాస్తున్నది అందుకే. కాన్పయిన ఎన్ని రోజులకు బాలింత కలుపుకు పోవాలి, రాత్రిపూట బిడ్డకు బాగలేకపోతే అప్పుడే ఆటో పిలవాలా, తెల్లారేదాకా చూడాలా అనే తీర్మానాలు మన పల్లెల్లో ఎక్కువగా మగవాళ్ల చేతిలో, లేదంటే అత్తగారి చేతిలో వుంటాయి. ఆశా కార్యకర్త వచ్చి జాగ్రత్తలు చెప్పేది మాత్రం మూల గదిలో పడుకున్న బాలింతకు. ఆమె వింటుంది, తలూపుతుంది. చేసే అధికారం ఆమెకు వుండదు. కాబట్టి రైతన్నా, ఈ కబురు ముందు మీకే.

రెండున్నర కిలోల గీత

పుట్టిన బిడ్డ 2,500 గ్రాములకు తక్కువ తూగితే తక్కువ బరువు బిడ్డ అంటారు. 1,500 గ్రాములకు తక్కువైతే చాలా తక్కువ బరువు. 1,800 గ్రాములకు లోపు పుట్టిన బిడ్డలను ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో వుంచి చూడాలని నియమం. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో అలాంటి విభాగం వుంది. మిగతా వాళ్లు, అంటే రెండు కిలోలు, రెండుంబావు తూగి పాలు తాగగలిగిన బిడ్డలు, కొద్దిరోజుల్లోనే తల్లితోపాటు ఇంటికొచ్చేస్తారు. ప్రత్యేక విభాగంలో కోలుకున్న బిడ్డలు కూడా చివరికి ఇంటికే వస్తారు. డాక్టరు చేతిలో పని అయిపోయింది, ఇంకేం భయం లేదు అనుకుంటాం. చిన్నబిడ్డ విషయంలో అసలు పని అక్కడే మొదలవుతుంది.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఇది మంచి మార్పే. అయితే అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువగా వున్నట్టు తేలింది. 20-24 ఏళ్ల వాళ్లలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయిపోయింది. కాయ వూరే సమయంలో తడి అందకపోతే పైన చెట్టు పచ్చగా వున్నా లోపల పప్పు గట్టిపడదని మీకు తెలుసు. కడుపులో బిడ్డ కండ పట్టేది కూడా చివరి మూడు నెలల్లోనే. ఆ మూడు నెలలూ ముంగారు పనుల్లో పడితే తల్లి వంగి కలుపు తీస్తూనే వుంటుంది. పొద్దున సంగటి, మాపటేల సంగటి, నడుమ ఉరిబిండి. రక్తం పట్టే 180 మాత్రలు ఇచ్చారు గానీ, వికారమని సగం గూట్లోనే వుండిపోతాయి. నెలలు నిండకముందే వచ్చే కాన్పులు, కవలలు, తల్లికి బీపీ వంటి కారణాలూ వున్నాయి. అవి మన చేతిలో లేవు. తిండీ, విశ్రాంతీ మన చేతిలో వున్నాయి.

జీవాల కాపరికి తెలిసిందే!

బిడ్డను గొర్రెపిల్లతో పోలుస్తారా అని కోపం వద్దు. చలికాలం రాత్రి మందలో ఒక పిల్ల బలహీనంగా పుడితే కాపరి ఏం చేస్తాడు? ముందు తడి తుడుస్తాడు. కంబళి లోపలికి తీసుకుని తన ఒంటికి ఆనించుకుంటాడు. తల్లి పొదుగు పిండి మొదటి జున్నుపాలు నోట్లో పోస్తాడు. ఆ పాలు మొదటి గంటల్లో కడుపులో పడకపోతే పిల్ల దక్కదని ఏ పుస్తకం చదవకుండానే చెప్తాడు. ఆ పిల్లను చల్లటి నీళ్లలో కడగడు, పొగ పెట్టడు, ఆముదం తాపడు.

ఇంట్లో మనిషి బిడ్డ పుట్టేసరికి ఈ తెలివి ఎక్కడికో పోతుంది. ముర్రుపాలు పసుపు పచ్చగా చిక్కగా వున్నాయి, చీము లాంటివి అని పిండి పారబోసే ఇళ్లు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. తేనె నాకించడం, చక్కెర నీళ్లు పోయడం, ఉబ్బసం రాదని గాడిదపాలు తెచ్చి తాపడం ఇంకా జరుగుతున్నాయి. రెండుంబావు కిలోల బిడ్డ కడుపు ఎంత వుంటుంది? అందులో చక్కెర నీళ్లు నింపితే తల్లిపాలకు చోటు వుండదు. పైగా బయటి పాలతో, నీళ్లతో క్రిములు పోతాయి.

చిన్నబిడ్డలు ముఖ్యంగా మూడు కారణాలతో పోతారు. ఒంటిమీద కొవ్వు లేక చల్లబడిపోతారు. చీకే శక్తి లేక పాలు తక్కువ తాగుతారు. చీము, దగ్గు లాంటి అంటురోగాలు తట్టుకోలేరు. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చల్లబడిన బిడ్డ చీకదు. చీకని బిడ్డకు సత్తువ రాదు. సత్తువ లేని బిడ్డకు రోగం తొందరగా పడుతుంది.

ఇంటికొచ్చి చూసే పద్ధతి ఎక్కడ పుట్టింది?

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా వుంది. తెలంగాణకు ప్రాణహిత అవతలి గట్టు. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1990లలో 39 పల్లెల్లో ఒక ప్రయత్నం చేశారు. ఆసుపత్రి దూరం, డాక్టరు రాడు. కాబట్టి ఆ పల్లెల్లోని ఆడవాళ్లకే పుట్టిన బిడ్డను తూచడం, ఒంటి వేడి చూడడం, ఊపిరి లెక్కపెట్టడం, తొలి మందు ఇవ్వడం నేర్పారు. ఆ ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగారు. మూడో ఏడాదికి ఆ పల్లెల్లో నెలలోపు పిల్లల చావులు, ఈ ఏర్పాటు లేని పల్లెలతో పోలిస్తే 62 శాతం తగ్గాయి. 1999లో ఈ లెక్కలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. పెద్దగా చదువులేని పల్లె ఆడవాళ్లు ఈ పని చెయ్యగలరా అన్నవాళ్లకు జవాబు దొరికింది.

మన జిల్లాకు కూడా ఇది కొత్త దారి కాదు. దేశంలో అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైనప్పుడు అందులో మన కంబదూరు ఒకటి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు (ఆర్.డి.టి.) ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టింది. ఆ తర్వాత 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. సుమారు వెయ్యి జనాభాకు ఒకరు. ఆ ఊళ్లోనే కాపురముండే మనిషై వుండాలని నియమం. 2011లో ఈ ఆశాలకు పుట్టిన బిడ్డను ఇంటికొచ్చి చూసే పని అప్పగించారు.

ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశమ్మ రావాలి. ఇంట్లోనే కాన్పయిపోతే మొదటి రోజు కూడా. ఈ లెక్క మీ గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. వానకు ఎదురు చూసినట్టు ఆమెకోసం ఎదురు చూడండి, రాకపోతే పిలిపించండి. బిడ్డ తక్కువ బరువైతే ఈ ఆరు సార్లే రావాలని ఏం లేదు, నడుమ కూడా వచ్చి చూడమని అడగొచ్చు.

కాటా ఏం చెబుతుంది?

ఆశమ్మ సంచిలో పెద్ద సామాను వుండదు. జోలెతో కూడిన కాటా, థర్మామీటరు, గడియారం, టార్చిలైటు, కొన్ని కాగితాలు. వచ్చినప్పుడు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీళ్లు, సబ్బు మీరే ముందు పెట్టండి. ఆమె కడుక్కోవడం మరిచిపోయినా మీరు చెంబు అందిస్తే గుర్తొస్తుంది. ‘ఆమెకు మేం చెప్పేదేంది’ అనుకోవద్దు.

తర్వాత బిడ్డను జోలెలో వేసి తూస్తుంది. ఇక్కడ చాలా ఇళ్లల్లో ఒక గాబరా పుడుతుంది. పుట్టినప్పుడు రెండు కిలోలున్న బిడ్డ ఏడో రోజు 1,850 చూపిస్తే, ‘తల్లిపాలు చాలడం లేదు, డబ్బా పాలు తెండి’ అని అవ్వలు అరుస్తారు. మొదటి వారంలో బిడ్డ కొంత తరగడం మామూలే. పదో వంతు దాకా తరగొచ్చు. మన కాయ కూడా కళ్లంలో ఆరితే తరుగు పోదా? రెండో వారం చివరకు పుట్టిన బరువుకు తిరిగి రావాలి. అక్కడి నుంచి రోజుకు ఒక 20 గ్రాముల చొప్పున పెరిగితే, ఆ రెండు కిలోల బిడ్డ 28వ రోజుకు 2,280 దగ్గర, 42వ రోజుకు రెండున్నర కిలోలు దాటి వుండాలి. రెండు వారాలైనా పుట్టిన బరువుకు రాలేదంటే, లేదా ఒక వారం నుంచి మరో వారానికి ముల్లు కదలలేదంటే, పాలు పట్టడంలోనో బిడ్డ ఒంట్లోనో ఏదో లోపం వుంది. అప్పుడు డాక్టరు దగ్గరకు పోవాల్సిందే.

అందుకే ఆ అంకెలు కార్డులో రాయించుకోండి. ‘బాగుంది లే వదినా’ అని నోటి మాటతో పోనివ్వద్దు.

ఆ తర్వాత చంకలో థర్మామీటరు పెడుతుంది. 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య వుండాలి. థర్మామీటరు లేని రోజు మీరే చూడొచ్చు. బిడ్డ పొట్ట మీద, అరికాళ్ల మీద చెయ్యి పెట్టండి. రెండూ వెచ్చగా వుంటే సరి. పొట్ట వెచ్చగా వుండి కాళ్లు చల్లగా వుంటే బిడ్డకు చలి పెడుతున్నట్టు. రెండూ చల్లగా వుంటే ప్రమాదం. మే నెల ఎండల్లో చలేమిటి అనుకోకండి. తడి గుడ్డల్లో చుట్టి ఫ్యాను కిందో, కూలరు ముందో పడుకోబెడితే రెండు కిలోల బిడ్డ ఎండాకాలంలో కూడా చల్లబడుతుంది.

కుంపటి వద్దు, తల్లి ఎదే చాలు

చలికి మంచం కింద కుంపటి పెట్టడం మన పాత అలవాటు. తలుపులు మూసిన గదిలో ఆ బొగ్గుల గాలి తల్లికీ బిడ్డకూ విషం. సాంబ్రాణి పొగ కూడా అంతే, ఆ చిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

1978 ప్రాంతంలో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశం, బొగోటా నగరంలో ఒక ఆసుపత్రి. తక్కువ బరువు బిడ్డలను వెచ్చగా వుంచే పెట్టెలు చాలక, ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గురిని పెట్టాల్సి వచ్చేది. అక్కడి డాక్టర్ ఎడ్గార్ రే పెట్టెకు బదులు తల్లినే వాడుకుందామన్నాడు. కంగారూ జంతువు సంచిలో పిల్లను మోసినట్టు, తల్లి ఎద మీద బిడ్డను చర్మానికి చర్మం ఆనించి కట్టించాడు. దాన్నే కంగారూ మదర్ కేర్ అంటున్నారు. మన కాపరి కంబళిలో చేసేది ఇదే కదా!

ఇది పేదల ఆసుపత్రుల్లో సరిపెట్టుకునే వైద్యం అని కొందరు చులకన చేశారు. హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్లో 1,500 నుంచి 2,250 గ్రాముల మధ్య పుట్టిన 8,402 మంది బిడ్డలను పరీక్షించారు. కార్యకర్తలు ఇంటికి పోయి కొందరు తల్లులకు ఈ పద్ధతి నేర్పారు. ఆ ఇళ్లల్లో మొదటి నెల చావులు 30 శాతం తక్కువ. 2019లో ఈ ఫలితం వెలువడింది. బళ్లారికి అవతల కొప్పళ జిల్లాలో కూడా ఆసుపత్రిలో మొదలుపెట్టి ఇంట్లో కొనసాగించే ఏర్పాటు చేసి చూశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తక్కువ బరువు బిడ్డలందరికీ రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైతే 24 గంటలూ ఇలాగే వుంచమని చెప్పింది.

చేసే విధానం కష్టమేం కాదు. బిడ్డకు టోపీ, సాక్సులు, మొల గుడ్డ తప్ప ఇంకేమీ వుండకూడదు. తల్లి రెండు రొమ్ముల నడుమ నిలువుగా, కప్ప కూర్చున్నట్టు కాళ్లు మడిచి ఆనించాలి. తల ఒక పక్కకు తిప్పి ముక్కుకు గాలి ఆడేటట్టు చూడాలి. పైన మెత్తని నూలు చీరతో చుట్టి, వదులుగా వుండే రవిక వేసుకోవాలి. తల్లి చాప మీద దిండ్లకు ఆనుకుని సగం కూర్చుని నిద్ర కూడా పోవచ్చు.

కష్టం వేరే వుంది. ఒకటే గది ఇల్లు. మామ, మరిది తిరుగుతుంటే కోడలు రవిక గుండీలు తీసి ఎట్లా కూర్చునేది? దీనికి ఆశమ్మ దగ్గర మందు లేదు, మీ దగ్గర వుంది. ఒక పాత చీర దండెం మీద అడ్డం కట్టండి. మగవాళ్లు ఆ ఆరు వారాలు అరుగు మీద పడుకోండి. తల్లి స్నానానికి పోయినప్పుడు, భోంచేసేటప్పుడు బిడ్డ చల్లబడకుండా అవ్వ ఎదకానించుకోవచ్చు. తండ్రి కూడా చొక్కా విప్పి ఆనించుకోవచ్చు. మగవాడి ఎదలో వేడి తక్కువేం వుండదు. సిగ్గుపడే పని కూడా కాదు.

అటక మీది ఉగ్గుగిన్నె దించండి

రెండు కిలోల బిడ్డ ఒక్కోసారి రెండు గుక్కలు చీకి నిద్రపోతుంది. ఏడవదు కూడా. ‘మా బిడ్డ బంగారం, ఏడుపే లేదు’ అని మురిసిపోతారు. ఏడవని చిన్నబిడ్డ బుద్ధిమంతురాలు కాదు, నీరసంగా వుందేమో చూడాలి. రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి లేపి మరీ పాలు పట్టాలి. అరికాలు గోకితే, చెవి తట్టితే లేస్తుంది.

చీకలేకపోతే తల్లి చేతులు శుభ్రంగా కడుక్కుని పాలను గిన్నెలోకి పిండుకోవాలి. దాన్ని ఉగ్గుగిన్నెతో బిడ్డ పెదవి అంచున కొంచెం కొంచెంగా పోయాలి. ఆసుపత్రి నర్సులు ఇందుకోసం వాడే ముక్కున్న గిన్నె, మన ముత్తవ్వల ఉగ్గుగిన్నె ఒకటే ఆకారం. అటక మీద వుంటే దించి, ప్రతిసారీ నీళ్లల్లో మరగబెట్టి వాడండి. లేకపోతే చెంచా చాలు. పాలసీసా మాత్రం వద్దు. రబ్బరు పీకలో క్రిములు దాక్కుంటాయి, అది అలవాటైన బిడ్డ రొమ్ము పట్టదు. పిండిన పాలు మూతపెట్టి నీడలో పెట్టినా మన ఎండలకు నాలుగు గంటలు దాటనివ్వకండి. ఆరు నెలలదాకా నీళ్లు కూడా పోయనక్కర లేదు. తల్లిపాలల్లో నీళ్లున్నాయి. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చపోస్తే పాలు చాలుతున్నట్టే.

ఇక స్నానం సంగతి. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, కాగే నీళ్లు చెంబులతో పోసి, ముక్కులో ఆముదం ఊదే పద్ధతి తూకం సరిగా వున్న బిడ్డకే మంచిది కాదు. చిన్నబిడ్డ రెండు కిలోలు దాటి, బాగా పెరుగుతున్నదని తేలేదాకా స్నానమే వద్దు. తడిబట్టతో తుడిచి, వెంటనే ఆరబెట్టి తల్లి ఎద మీదికి చేర్చాలి. బొడ్డు మీద బూడిద, పసుపు, పేడ ఏదీ పెట్టకూడదు. ఉత్తగా ఆరనివ్వాలి. పురుడు రోజున చుట్టాలు వరసగా ఎత్తుకుని ముద్దులాడటం కూడా ఆపాలి. కోపగించుకునే వాళ్లు రెండు నెలల తర్వాత వచ్చి ఎత్తుకుంటారు లే.

రాత్రి పన్నెండైనా సరే పోవాల్సిందే

కొన్ని గుర్తులు కనిపిస్తే ఆశమ్మ కోసం కూడా చూడకూడదు. పాలు తాగుతున్న బిడ్డ మానేసింది. కాళ్లూ చేతులూ వేలాడేసింది. ఏడుపు పలచబడింది. నిమిషానికి 60 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నది. పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. ఒళ్లు కాలిపోతున్నది, లేదా తల్లి ఎద మీద గంటసేపు పెట్టినా వెచ్చబడలేదు. ఫిట్స్ వచ్చాయి. అరచేతులు, అరికాళ్లు పసుపు పచ్చగా మారాయి. బొడ్డు నుంచి చీమో రక్తమో కారుతున్నది. వీటిలో ఏ ఒక్కటి వున్నా 108కి ఫోన్ చెయ్యండి. తాయెత్తు, దిష్టి తర్వాత చూసుకోవచ్చు. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు నిమిషం నిండా లెక్కపెట్టాలి. పసిబిడ్డ ఊపిరి ఒక్క తీరుగా వుండదు. 60 దాటితే ఇంకోసారి లెక్కపెట్టి చూసుకోండి.

దారిలో బిడ్డ చల్లబడిపోవడం పెద్ద ముప్పు. విడిగా దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకోవడం కంటే తల్లి ఎదకు ఆనించి కట్టుకుని పోవడం మేలు. పోతూ పోతూ పాలు పడుతుండాలి. ఖర్చు గురించి వెనకాడే వాళ్లకు ఒక మాట. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, రాకపోకల బండి అన్నీ ఉచితమే. బత్తలపల్లిలోని ఆర్.డి.టి. ఆసుపత్రి కూడా ఈ ప్రాంతం వాళ్లకు ఎరుకే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా దారి మారలేదు.

బాలింతకు సెలవు ఎవరిస్తారు?

నెల తిరక్కముందే బాలింతను చేనికి పంపే ఇళ్లున్నాయి. కూలీల రేటు పెరిగింది, ఇంట్లో మనిషి వుండగా డబ్బిచ్చి ఎవరిని పెట్టేది అంటారు. ఆ లెక్క తప్పు. పొద్దున ఏడింటికి పోయి మధ్యాహ్నం రెండింటికి వస్తే, రెండు గంటలకొకసారి తాగాల్సిన బిడ్డకు మూడు నాలుగు పూటలు పోయినట్టే. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. పని స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ వుంటే చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టాలని ఆ చట్టంలోనే రాశారు. రాతలో వున్నంతగా గట్ల మీద అది కనిపించలేదు. సర్కారు పనిలోనే అట్లా వుంటే మన చేనిలో మనం చూసుకోవాల్సిందే కదా.

పథ్యం పేరుతో బాలింతను ఎండగట్టడం ఇంకొకటి. కారంపొడి, వెల్లుల్లి, అన్నం. నీళ్లు తాగితే పొట్ట వస్తుందని గ్లాసు లెక్క. పాలిచ్చే ఆవుకు కుడితి తగ్గిస్తామా? బాలింతకు దాహమైనన్ని నీళ్లు, ఆకుకూర, పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ పెట్టొచ్చు. మామూలు కంటే ఒక పూట ఎక్కువ పెట్టాలి. అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్లు, పాలు ఆమె పేరు మీద వస్తాయి. అవి ఇంట్లో అందరి కంచాల్లోకీ పోవడం మనకు తెలియంది కాదు. మొదటి కాన్పుకు 2017 నుంచి కేంద్రం ఇస్తున్న మాతృవందన సొమ్ము రూ.5,000 కూడా ఆమె విశ్రాంతి కోసం, తిండి కోసం పెట్టిందే. విత్తనాల అప్పు తీర్చడానికి పెట్టింది కాదు.

పుట్టింట్లో కాన్పు, బెంగళూరులో కూలి

ఆశమ్మ పట్టికలో నుంచి బిడ్డ జారిపోయేది ఎక్కువగా ఇక్కడే. కడుపుతో వున్నన్నాళ్లూ అత్తగారి ఊరి ఆశమ్మ పేరు రాసుకుంటుంది. కాన్పు పుట్టింట్లో. అది వేరే మండలం, ఒక్కోసారి పావగడ, బళ్లారి వైపు వేరే రాష్ట్రం. ఈ ఊరామె ‘అక్కడ చూసుకుంటారు’ అనుకుంటుంది. ఆ ఊరామెకు బిడ్డ పుట్టిన సంగతే తెలియదు. మూడో రోజు, ఏడో రోజు ఎవరూ రారు. కాబట్టి ఆసుపత్రి నుంచి బయల్దేరే రోజే పుట్టింటి ఊరి ఆశమ్మకు ఫోన్ చేయించండి. తల్లీబిడ్డల కార్డు మీద పుట్టిన బరువు రాశారో లేదో చూసుకుని, కార్డు బిడ్డతోపాటే పంపండి.

వలస పోయేవాళ్ల సంగతి ఇంకా కష్టం. పంట పోయిన ఏడు బెంగళూరులో భవనాల పనికి పోక తప్పదు, నిజమే. అయితే రేకుల షెడ్డులో రెండు కిలోల బిడ్డను కాపాడటం అంత తేలిక కాదు. ఆ 42 రోజులైనా తల్లినీ బిడ్డనూ ఊళ్లో వుంచి మిగతా వాళ్లు పోవడం మేలు. కుదరదంటే అక్కడి అంగన్‌వాడీ ఎక్కడుందో మేస్త్రీని అడిగి తెలుసుకుని, కార్డు చూపించండి.

ఆశమ్మ కూడా మీ ఊరి కోడలే

ఇన్ని పనులు ఆమెకు అప్పగిస్తూ ఆమె కష్టం చెప్పకపోతే న్యాయం కాదు. ఒక బిడ్డకు ఈ రాకపోకలన్నీ పూర్తి చేస్తే కేంద్రం పెట్టిన ప్రోత్సాహకం రూ.250. మన రాష్ట్రంలో 2019 నుంచి నెలకు మొత్తం రూ.10,000 చేశారు. దాని కింద గర్భిణులు, టీకాలు, సర్వేలు, ఫోనులో ఎక్కించాల్సిన లెక్కలు అన్నీ వున్నాయి. కాటా చెడిపోయినా, థర్మామీటరు బ్యాటరీ అయిపోయినా కొత్తది వచ్చేదాకా చేత్తో అంచనా వేయాల్సిందే. మీ ఊళ్లో కాటా పనిచెయ్యకపోతే గ్రామసభలో అడగండి. బోరు మోటారు కాలిపోతే ఎంత గట్టిగా అడుగుతామో అంత గట్టిగా.

ఇంకో మాట కూడా రాయక తప్పదు. కొన్ని ఇళ్లల్లో ఆమె కులం చూసి వాకిట్లోనే నిలబెట్టి, బిడ్డను బయటికి తెచ్చి చూపించి పంపేస్తారు. గడపలో నిలబడి పాలు ఎట్లా పడుతున్నారో చూడటం, ఎద మీద ఎట్లా ఆనించాలో నేర్పడం కుదిరే పని కాదు. ఆమెను లోపలికి రానిచ్చి చాప వేసిన ఇంటి బిడ్డకే ఆ రాకతో మేలు.

42వ రోజు ఆశమ్మ చివరిసారి తూకం రాస్తుంది. ఆరు వారాల టీకాలు కూడా అప్పుడే పడతాయి. చిన్నబిడ్డ కదా, సూది ఇప్పుడే ఎందుకు అని ఆపకండి. బరువు తక్కువైనా ఆరోగ్యంగా వున్న బిడ్డకు వయసు లెక్కనే టీకాలు వేస్తారు. రక్తం పట్టే చుక్కల మందు ఎప్పటి నుంచి వెయ్యాలో ఆ రోజే ఏఎన్‌ఎంను గానీ డాక్టరును గానీ అడగండి, తక్కువ బరువు బిడ్డకు అది ముందుగానే కావాలి. 2018లో వచ్చిన మార్పుతో ఆశమ్మ మళ్లీ మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఇంటికి రావాలి. మూడో నెల ఏ తేదీకి పడుతుందో లెక్కగట్టి, కార్డు వెనక ఆమె చేతే రాయించుకోండి.